నీళ్ళ కింది నేల

మా నాన్న ఎప్పుడూ "ఏటికి పోతున్నా" అనడు. చింతరేవుకు పోతున్నా అంటాడు, రాళ్ళమడుగుకు పోతున్నా అంటాడు. శబరి ఆయన లెక్కలో పేర్లున్న ముప్పై నలభై చోట్లు. ఏ మడుగులో ఎండాకాలం ఎన్ని నిలువుల నీళ్ళు ఆగుతాయో, ఏ బండ కింద వాలుగ పడుకుంటుందో, తొలకరికి ఏ వాగు మూతిలో జెల్లలు ఎదురెక్కుతాయో ఆయనకు సొంత ఇంటి మూలల్లా తెలుసు. గాలం, వల డబ్బుంటే ఎవరైనా కొనుక్కోవచ్చు. ఈ తెలివి కొనేది కాదు. అది ఆయనకు మా తాత దగ్గర్నుంచి వచ్చింది, తాతకు ఆయన తండ్రి దగ్గర్నుంచి వచ్చింది.

అలాంటి మనిషిని తీసుకెళ్ళి, పేరు కూడా తెలియని నీళ్ళ మీద కూర్చోబెడితే ఏం చేస్తాడు? ఒక మే నెలలో అది చూసే వీలు నాకు దొరికింది. మా అక్క, బావ అమెరికాలో టెన్నెసీ రాష్ట్రంలోని నాక్స్‌విల్‌లో ఉంటారు. నేనూ నాన్నా నెల రోజులు వాళ్ళింట్లో ఉన్నాం. బావకు బాస్ చేపల పిచ్చి. ఆ ఊరికి వాళ్ళు మారి ఎక్కువ కాలం కాలేదు కాబట్టి చుట్టుపక్కల నీళ్ళు ఆయనకూ కొత్తే. మూడు శనివారాలు అందరం కలిసి మూడు చోట్లకు వెళ్ళాం. ఈ వ్యాసం ఆ మూడు రోజుల గురించి. ఆ చేపల వెంటే మన ఊళ్ళ సంగతీ వచ్చింది. అది మన పిల్లలకూ, వాళ్ళకు చదువు చెప్పే పంతుళ్ళకూ చేరాలని రాస్తున్నాను.

ముందు బాస్ గురించి చెప్పాలి. నాన్నకు నేను "అది ఆ దేశపు కొరమీను" అని చెప్పాను. జాతి వేరు, గుణం మాత్రం ఒకటే. రెండూ వేటాడి తినే చేపలు. రెండూ మొద్దు చాటునో నాచు కిందో కదలకుండా పొంచి ఉండి, దగ్గరికొచ్చిన చిన్న చేపనో కప్పనో ఒక్క గుటకలో మింగుతాయి. అక్కడివాళ్ళు ఎక్కువగా వెతికేది పెద్దనోటి బాస్‌ను. నోరు మూసినా దాని దవడ చివర కంటిని దాటి వెనక్కి పోయి ఉంటుంది. పళ్ళు సన్నగా గరుకు కాగితంలా ఉంటాయి, అందుకని కింది పెదవిని బొటనవేలితో పట్టుకుని పైకెత్తుతారు. కొరమీను నోట్లో అలా వేలు పెట్టేవాళ్ళు మనలో ఎవరూ ఉండరు. కొరమీను పైకొచ్చి గాలి పీల్చుకుంటుంది, బురదలో కూడా బతుకుతుంది. బాస్‌కు ఆ శక్తి లేదు.

పిల్లల్ని కాచుకోవడంలో మళ్ళీ పోలిక ఉంది. చలికాలం పోయి నీళ్ళు కాస్త వెచ్చబడగానే మగ బాస్ ఒడ్డు దగ్గర తోకతో అడుగును ఊడ్చి పళ్ళెంలాంటి గూడు చేస్తుంది. ఆడది గుడ్లు పెట్టి వెళ్ళిపోయాక కాపలా అంతా మగదే. మన కొరమీను పిల్లలు ఎర్రగా గుంపు కట్టి నీటి పైన బుడబుడలాడుతుంటే కింద పెద్దవి తిరుగుతూ ఉంటాయి. ఆ ఎర్ర గుంపు దగ్గర గాలం వెయ్యనిచ్చేవాడు కాదు మా తాత. "దాని ఇంట్లో పురుడు జరుగుతోంది, పక్కకు రా" అనేవాడు.

మొదటి శనివారం నారిస్ రిజర్వాయరుకు వెళ్ళాం. అది నాక్స్‌విల్‌కు ఉత్తరాన క్లించ్ నది మీద ఉంది. అమెరికా ప్రభుత్వం 1933లో టెన్నెసీ వ్యాలీ అథారిటీ అనే సంస్థను పెట్టింది. ఆ సంస్థ కట్టిన మొదటి డ్యాము నారిస్. 1936లో పూర్తయింది. మన దేశంలో 1948లో దామోదర్ వ్యాలీ కార్పొరేషన్‌ను పెట్టినప్పుడు నమూనాగా తీసుకున్నది ఈ సంస్థనే. కాబట్టి మన పెద్ద డ్యాముల కథకు ఆ లోయతో చుట్టరికం ఉంది.

అక్కడ చేపలు పట్టాలంటే లైసెన్సు కావాలి. పదమూడేళ్ళు నిండిన ప్రతివాళ్ళూ తీసుకోవాలి. మాలాంటి పరాయి ఊరివాళ్ళకు కొద్ది రోజులు చెల్లే లైసెన్సు ఇస్తారు. మా మేనల్లుడికి పన్నెండేళ్ళే కాబట్టి వాడికి లైసెన్సు అక్కర్లేదు, కానీ పన్నెండేళ్ళు, అంతకంటే తక్కువ వయసున్న పిల్లలు పడవ నడుస్తున్నంతసేపూ లైఫ్ జాకెట్ వేసుకుని తీరాలి. నాన్న దాన్ని పట్టి చూసి, తనకూ ఒకటి ఇమ్మన్నాడు. శబరిలో ఏనాడూ ఇలాంటిది వేసుకోని మనిషి. "తెలిసిన ఏట్లో ఈత చాలు. ఇది తెలియని నీళ్ళు" అన్నాడు.

అద్దెకు తీసుకున్న రేకు పడవలో బావ తన సామానంతా పరిచాడు. రీలున్న గాలం కర్రలు, రంగురంగుల ప్లాస్టిక్ ఎర్రలు, చెక్క చేపలు, నీటి అడుగును చూపించే చిన్న తెర. తెర మీద లోతు అంకెల్లో కనబడుతుంది, అడుగు ఒక గీతలా పైకీ కిందికీ పోతూ ఉంటుంది. నాన్న కాసేపు దాన్ని చూశాడు.

"అల్లుడూ, ఈ నీళ్ళ కింద ముందు ఏముండేది?"

"తెలీదు మామా. తెర మీద అడుగు కనిపిస్తోందిగా."

"అడుగు కనిపిస్తది సరే. ఊరు కనిపిస్తదా?"

బావ నవ్వాడు. కానీ నాన్న అడిగింది వేళాకోళానికి కాదు. వాగులో చేప ఎక్కడుంటుందో చెప్పేది పారే నీళ్ళు. ఎక్కడ వడి, ఎక్కడ సుడి, ఎక్కడ నిలకడ అన్నది పైనుంచే తెలుస్తుంది. రిజర్వాయరులో నీళ్ళు నిలబడి ఉంటాయి, పైనంతా ఒకేలా కనబడుతుంది. అక్కడ చేపకు దారి చూపించేది మునిగిన నేలే. పాత ఏటి దారి, దానిలో కలిసిన వాగులు, నరికిన చెట్ల మొదళ్ళు, రోడ్డు కట్ట, ఇళ్ళ పునాదులు. ఎండ ఎక్కినప్పుడు బాస్ పాత ఏటి ఒడ్డున లోతుకు దిగుతుంది, మేతకు గట్టు మీదికి ఎక్కుతుంది, మొద్దు దొరికితే దాని నీడన పొంచి ఉంటుంది. నీళ్ళు వచ్చి ఎన్నేళ్ళయినా చేప ఆ పాత నేలనే పట్టుకుని తిరుగుతుంది.

అందుకని నాన్న పడవలో కూర్చుని నీళ్ళను చూడటం మానేసి ఒడ్డును చూడటం మొదలుపెట్టాడు. కొండ నిట్రంగా దిగినచోట లోపల కూడా నిట్రంగానే ఉంటుందన్నాడు. రెండు కొండల నడుమ పల్లం కనిపిస్తే అక్కడో వాగు ఉండి తీరాలన్నాడు. గాలి ఎటు కొడుతోందో చూసి, ఆ ఒడ్డుకు చిన్న చేపలు చేరతాయన్నాడు. కొంగ నిలబడ్డచోటు చూపించాడు. ఆ తర్వాత ఒక పాత తారు రోడ్డు గడ్డి నడుమ నుంచి వచ్చి సూటిగా నీళ్ళలోకి దిగిపోవడం మాకు కనిపించింది. "ఇదిగో, దీని వెంటే పోనియ్యి" అన్నాడు నాన్న.

రోడ్డు పక్కన మురుగు కాలువ ఉంటుంది, కాలువ పక్కన చెట్లుంటాయి. తెర మీద గీత ఒకచోట కట్టలా లేచి పక్కన గాడిలా దిగింది. నాన్న ప్లాస్టిక్ ఎర్రను వాసన చూసి పక్కన పెట్టేసి, మా మేనల్లుడు డబ్బాలో తెచ్చిన నిజం ఎర్రను గుచ్చి ఆ గాడి అంచున వదిలాడు. మధ్యాహ్నంలోగా ఆ రోడ్డు మీదే మేం నాలుగు బాస్‌లు పట్టాం. ఒకటి బావ ప్లాస్టిక్ ఎర్రకే పడింది, అది కూడా చెప్పాలి.

ఒక్కో రిజర్వాయరుకు, ఒక్కో రకం చేపకు పొడవు కొలత ఉంటుంది. అంతకంటే చిన్నదైతే వదిలెయ్యాలి. మేనల్లుడు కొలబద్ద మీద పెట్టి చూసి రెండింటిని నీళ్ళలోకి జార్చాడు. ఇంత దూరం వచ్చి పట్టింది వదలడమేమిటని నాన్న కోప్పడతాడనుకున్నాను. ఆయన వాడి తల నిమిరి, "మా నాన్న కొలబద్ద లేకుండా చెప్పింది నువ్వు కొలబద్దతో చేస్తున్నావు" అన్నాడు.

సాయంత్రం పడవ తిరిగి ఇచ్చేటప్పుడు ఆ రోడ్డు గురించి బావ అక్కడి పెద్దాయన్ను అడిగాడు. ఆ రిజర్వాయరు కింద లాయిస్టన్ అనే ఊరు మునిగిందట. ఆ ఊరున్న వెడల్పాటి నీళ్ళను ఈనాటికీ లాయిస్టన్ సముద్రం అని పిలుస్తారు. డ్యాముకు ముందు ఆ లోయలో వేల కుటుంబాలను ఖాళీ చేయించారు, సమాధులను సైతం తవ్వి వేరేచోటికి మార్చారు. చలికాలంలో వరదకు చోటు ఉంచడానికి నీళ్ళు బాగా దించేస్తారు. అప్పుడు పాత నేల కొంత బయటపడుతుంది. తెలివైన జాలర్లు ఆ నెలల్లో గాలం లేకుండా వచ్చి, మొదళ్ళు, రాళ్ళు, రోడ్లు ఎక్కడున్నాయో గుర్తు రాసుకుని పోతారు. మళ్ళీ నీళ్ళు నిండాక ఆ గుర్తుల మీదే పడతారు. నాన్నకు ఇది బాగా నచ్చింది. మనం కూడా ఎండాకాలంలో మడుగు అడుగు చూసి పెట్టుకుంటాం కదా అన్నాడు.

రెండో శనివారం టెల్లికో. అది లిటిల్ టెన్నెసీ నది మీది రిజర్వాయరు. ఈసారి నేను ముందుగానే చదివి వెళ్ళాను, ఎందుకంటే నాన్న మళ్ళీ అదే ప్రశ్న అడుగుతాడని తెలుసు. ఆ నీళ్ళ కింద ఉన్నది చెరోకీల ఊళ్ళు. చెరోకీలు అక్కడి ఆదివాసులు. చోటా, టనాసీ, టోక్వా, సిటికో అనే వాళ్ళ పట్టణాలు ఆ నది ఒడ్డునే ఉండేవి. చోటా ఒకప్పుడు వాళ్ళకు రాజధాని. టనాసీ పేరు నుంచే టెన్నెసీ అనే పేరు వచ్చింది. 1838, 39లలో సైన్యం చెరోకీలలో ఎక్కువమందిని పడమటికి తరిమేసింది. దారిలో వేలమంది చనిపోయారు. ఆ నడకను వాళ్ళు కన్నీటి బాట అంటారు. మనుషులు పోయినా ఊళ్ళ నేల, సమాధులు అక్కడే ఉండిపోయాయి. వాటి మీదికి నీళ్ళు వచ్చింది 1979 నవంబరు 29న.

ఆ నీళ్ళను కొన్నేళ్ళు ఆపింది ఒక చేప. 1973లో డేవిడ్ ఎట్నియర్ అనే జంతుశాస్త్ర ఆచార్యుడు ఆ నదిలో మూడంగుళాల చిన్న చేపను చూశాడు. నత్తలను తిని బతుకుతుంది కాబట్టి స్నెయిల్ డార్టర్ అన్నారు. డ్యాము నిండితే ఆ జాతే పోతుందని కేసు పడింది. 1978లో అమెరికా సుప్రీంకోర్టు చేప పక్షాన తీర్పు చెప్పింది. మరుసటి ఏడే అక్కడి పార్లమెంటు ఆ డ్యాముకు చట్టం నుంచి మినహాయింపు ఇచ్చింది, గేట్లు మూశారు. మా పూర్వీకుల సమాధులున్న నేల ఇది అని చెరోకీలు కూడా కోర్టుకు వెళ్ళారు. వాళ్ళు గెలవలేదు. ఇదంతా నేను పడవలో చెబుతుంటే నాన్న గాలం ముట్టుకోలేదు. చివర్లో ఒక్క మాట అడిగాడు. "చేప పేరు కోర్టు దాకా పోయింది. ఊళ్ళ పేర్లు పోయినయా?"

పోయాయి, కానీ చేపంత దూరం పోలేదు అని చెప్పాను.

చోటా పట్టణపు సభామందిరం ఉన్న చోటును మాత్రం మట్టి పోసి నీటి మట్టం కంటే ఎత్తు చేశారు. అక్కడ ఎనిమిది స్తంభాలు గుండ్రంగా నిలబెట్టారు. ఏడు చెరోకీల ఏడు గోత్రాలవి, ఎనిమిదోది జాతి మొత్తానిది. మేం నడిచి వెళ్ళి చూశాం. మన గట్టు గోత్రాలు గుర్తొచ్చి నాన్న స్తంభాలను చేత్తో తాకుతూ లెక్కపెట్టాడు. టనాసీకి మాత్రం ఒడ్డున ఒక గుర్తు రాయి ఉంది. ఊరు నీళ్ళలోనే ఉంది.

అదే ఒడ్డున వోనోర్ అనే చోట సెక్వోయా జన్మస్థల మ్యూజియం ఉంది. ఉపాధ్యాయులు ఈ పేరు పిల్లలకు తప్పక చెప్పాలి. సెక్వోయాకు ఇంగ్లీషు చదవడం రాదు. తెల్లవాళ్ళు కాగితం మీద మాట్లాడుకోవడం చూసి తన భాషకు తనే లిపి చేశాడు. ఏళ్ళ తరబడి పనిచేసి 1821 నాటికి పూర్తి చేశాడు. ఈనాడు వాడుకలో 85 అక్షరాలున్నాయి. 1828లో చెరోకీలు ఆ లిపిలో సొంత పత్రిక అచ్చువేశారు. మన భాషలకు లిపి లేదని తల దించుకునే పిల్లలకు ఇంతకంటే మంచి పాఠం ఏముంటుంది? ఆ మ్యూజియం చెరోకీల తూర్పు తెగదే. ఊళ్ళు మునిగిన ఒడ్డున తమ మాట తామే చెబుతున్నారు.

మధ్యాహ్నం మళ్ళీ గాలాలు తీశాం. పాత నది వంపు లోతుగా ఉన్న అంచున అక్కకు పెద్ద బాస్ పడింది. చేపను చూసి సంతోషపడ్డాం, కింద ఎవరి చేలో ఉండేవని తలుచుకుని కాస్త మౌనంగా కూడా ఉన్నాం. రెండూ నిజమే. ఆ రాత్రి అక్క దాన్ని చింతపండు పులుసు పెట్టింది.

మూడో శనివారం స్మోకీ కొండలు దాటి నార్త్ కరోలినాలోని చెరోకీ పట్టణానికి వెళ్ళాం. సైన్యం తరిమినప్పుడు కొండల్లో నిలిచిపోయి, తర్వాత భూమి కొనుక్కుని నిలదొక్కుకున్నవాళ్ళే ఈ తూర్పు తెగ. అక్కడి ఒకొనలఫ్టీ ఏట్లో బాస్ కాదు, చల్లటి నీళ్ళలో బతికే ట్రౌట్ దొరుకుతుంది. బావ ఫోనులో టెన్నెసీ లైసెన్సు చూపించబోతే అది ఇక్కడ చెల్లదని తెలిసింది. నార్త్ కరోలినాది కూడా చెల్లదు. తెగ ఇచ్చే పర్మిట్టే కావాలి.

"చీటీ ఎవరిస్తారు?" నాన్న అడిగాడు.

"తెగవాళ్ళే, నాన్నా."

"డబ్బులు?"

"వాళ్ళకే."

నాన్న ఆ చీటీని మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇంటికొచ్చాక కూడా పారెయ్యలేదు. తెగే చేపపిల్లలను పెంచి ఏట్లో వదులుతుంది, ఎన్ని పట్టాలో, ఎక్కడ పట్టాలో తెగే చెబుతుంది. దూరం నుంచి వచ్చేవాళ్ళు ఆ మాట విని, డబ్బు కట్టి, గాలం వేస్తారు.

అక్కడే ఇంకో సంగతి తెలిసింది. పూర్వం చెరోకీలు ఏటికి అడ్డంగా కోణం ఆకారంలో రాళ్ళు పేర్చి, ఆ కొనలో బుట్ట పెట్టి చేపలు పట్టేవారు. ఆ ప్రాంతపు నదుల్లో అలాంటి రాతి కట్లు ఇప్పటికీ కొన్ని కనబడతాయి. నిలిచిన మడుగుల్లో నల్ల అక్రోటు బెరడు, బకై చెట్టు వేరు దంచి కలిపి చేపలకు మత్తు ఎక్కించేవారు. మనం మంగకాయలు దంచి కలుపుతాం. సముద్రాలకు అవతలా ఇవతలా ఉన్న రెండు జనాలు, ఎవరికీ ఎవరూ చెప్పకుండా, ఏటిని చూసి ఒకే పాఠం నేర్చుకున్నారు.

ఇప్పుడు మన ఊళ్ళకు వద్దాం. కూనవరం దగ్గర శబరి గోదావరిలో కలుస్తుంది. ఆ రెండు ఏళ్ళ ఒడ్డున ఉన్న మన కోయ, కొండరెడ్డి పల్లెలెన్నో పోలవరం ముంపు జాబితాలో ఉన్నాయి. 2014 రాష్ట్ర పునర్విభజన చట్టం పోలవరాన్ని జాతీయ ప్రాజెక్టుగా ప్రకటించింది. నిండు నీటి మట్టం 150 అడుగులు. ముంపు ఆవాసాలు మూడు వందలకు పైనే. మా ఊరు వాటిలో ఒకటి. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు నీళ్ళు ఎక్కడిదాకా రాగలవో మన కళ్ళతో చూశాం.

ఇళ్ళకూ పొలాలకూ పరిహారం గురించి అందరూ మాట్లాడతారు. మాట్లాడాలి కూడా. చేపల గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ. నీళ్ళు నిలిచాక మన పాత పొలాల మీద పెద్ద రిజర్వాయరు ఉంటుంది, అందులో చేపలుంటాయి. వాటిని పట్టే హక్కు ఎవరిది?

2013 భూసేకరణ చట్టం 41వ సెక్షనులో దీనికి జవాబు ఉంది. ముంపు ప్రాంతంలోని నదిలోనో చెరువులోనో డ్యాములోనో చేపల హక్కులున్న షెడ్యూల్డ్ తెగలకూ, ఇతర సంప్రదాయ అటవీ నివాసులకూ, షెడ్యూల్డ్ కులాలకూ ఆ సాగునీటి లేదా జలవిద్యుత్ ప్రాజెక్టు రిజర్వాయరులో చేపల హక్కులు ఇవ్వాలని ఆ సెక్షను చెబుతుంది. ఇందులో "హక్కులున్న" అనే మాటను జాగ్రత్తగా చదవాలి. తరతరాలుగా పడుతున్నాం అని నోటితో చెబితే సరిపోదు, హక్కు ఉన్నట్టు చూపాలి.

ఎలా చూపాలి? 2006 అటవీ హక్కుల చట్టం 3వ సెక్షను మొదటి ఉపసెక్షను (డి) క్లాజులో చేపలనూ, జలవనరుల ఇతర ఉత్పత్తులనూ సామూహిక హక్కుగా గుర్తించారు. దానికి దరఖాస్తు ఫారం బి. గ్రామసభ అటవీ హక్కుల కమిటీ దగ్గర మొదలై డివిజను స్థాయి, జిల్లా స్థాయి కమిటీల దాకా పోతుంది. సాక్ష్యాలుగా ఏవి చెల్లుతాయో ఆ చట్టపు నిబంధనలు 13వ నిబంధనలో రాశాయి. సామూహిక హక్కుల సాక్ష్యాల్లో సంప్రదాయంగా చేపలు పట్టే చోట్లు కూడా ఉన్నాయి. దరఖాస్తుదారులు కాని పెద్దల వాంగ్మూలం రాసి ఇచ్చినా సాక్ష్యమే. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో చిన్న జలవనరుల ప్రణాళిక, నిర్వహణ పంచాయతీలకే అప్పగించాలని 1996 పీసా చట్టం కూడా చెబుతోంది.

అంటే మా నాన్న నోట్లో ఉన్న చింతరేవు, రాళ్ళమడుగు అనే పేర్లు కాగితం మీదికి వస్తే చట్టం ముందు సాక్ష్యం. రాకపోతే ఆయనతో పాటే పోతాయి.

తిరిగొచ్చాక మా ఊళ్ళో పిల్లలతో ఈ పని మొదలుపెట్టాం. ఉపాధ్యాయులకు ఉపయోగపడుతుందని ఎలా చేశామో రాస్తున్నాను. ఏరు బాగా తగ్గే ఏప్రిల్, మే నెలల్లో పెద్దవాళ్ళతో కలిసి ఒడ్డు వెంట నడవాలి. ప్రతి మడుగుకు, రేవుకు, బండకు పేరు అడగాలి. ముందు మన భాషలో పలికినట్టే రాసి, తర్వాత తెలుగులో రాయాలి. ఎండాకాలంలో ఎన్ని నిలువుల లోతు, ఏ నెలలో ఏ చేప, ఏ పద్ధతిలో పడతారు, ఏయే కుటుంబాలు పడతాయి అన్నది పక్కన రాయాలి. వాగు మూతులు, పెద్ద చెట్లు, బావులు, దారులు పటంలో గుర్తించాలి. ఫోను ఉంటే ఫొటో తీసి, అదే చోట నిలబడి ఆ పెద్దాయన చెప్పేది రికార్డు చెయ్యాలి. చివరికి పటాన్ని గ్రామసభలో పెట్టి చదివించి, తీర్మానంలో ఎక్కించాలి. ఒక ప్రతి బడిలో, ఒక ప్రతి పంచాయతీలో, ఒక ప్రతి వేరే ఊళ్ళోని చుట్టాల ఇంట్లో ఉంచాలి. వరద వస్తే మూడూ ఒకేసారి తడవవు.

ఈ పనిలో ఆడవాళ్ళను అడగడం మరవొద్దు. పెద్ద మడుగుల పేర్లు మగవాళ్ళు చెబుతారు. పరిగెలు, రొయ్యలు, పీతలు దొరికే చిన్న గుంటల పేర్లు మా ఊళ్ళో అవ్వలకే తెలుసు. పటంలో సగం పేర్లు వాళ్ళు చెప్పినవే.

ఈ పటం రేపు వేటకు కూడా పనికొస్తుంది. నిలిచిన లోతు నీళ్ళలో విసురు వల అందదు. టంగుసు వల కడితే మునిగిన మొదళ్ళకు తగిలి చిరుగుతుంది. చింతచెట్టు ఎక్కడుందో తెలిసినవాడు దానికి పదడుగుల పక్కన వల కడతాడు, తెలియనివాడు వల పోగొట్టుకుంటాడు. పారే నీళ్ళ చేపలు తగ్గి బొచ్చె, బంగారు తీగ లాంటి నిలవ నీటి చేపలు పెరుగుతాయి. వెడల్పాటి నీళ్ళ మీద గాలికి అలలు లేస్తాయి, మన సన్నటి దోనెకు అవి కొత్త. అందుకని మన కుర్రాళ్ళు లోతు నీళ్ళ వలలు, పడవ, లైఫ్ జాకెట్ ఇప్పట్నుంచే నేర్చుకోవాలి. చేపల సహకార సంఘం గురించి కూడా ఇప్పుడే చదువుకోవాలి. హక్కు కాగితం వచ్చిన రోజున చెయ్యి తిరిగి ఉండాలి.

ఊరు మునగకుండా ఉంటే అంతకంటే కావలసింది లేదు. ఆ కోరికను ఈ పటం అడ్డుకోదు. ఊరు నిలిచినా ఇది మన ఏటి పుస్తకం, మునిగినా ఇది మన రిజర్వాయరు పుస్తకం. మా పిల్లలు ఇప్పటికి నలభై ఆరు పేర్లు రాశారు. మేనల్లుడికి ఆ పటం ఫొటో పంపితే, పన్నెండేళ్ళవాడు రెండు రోజులు చూసి, వాగు కలిసే ఒక మూల మీద వేలు పెట్టి "మామా, ఇక్కడ కొరమీను ఉండాలి కదా" అని అడిగాడు. నాన్నకు చూపిస్తే తల ఊపి, దాని పేరేమిటో, అక్కడ ఏ నెలలో గాలం వెయ్యాలో, ఏ నెలలో వెయ్యకూడదో చెప్పాడు. అది నలభై ఏడో పేరు. మీ ఊరి ఏటికి ఎన్ని పేర్లున్నాయో ఈ ఎండాకాలం లెక్కపెట్టండి.